తివాచీ అంచు వెంబడి

మూడో అంతస్తు ఇంటినుంచి,
ఆదివారం మధ్యాహ్నం

వదినకు,

నీ పిచ్చుక రాస్తోంది. ఎలా ఉన్నావని అడగను. అడిగితే "బాగున్నాను" అని ఒక ముక్క రాసి అసలు సంగతి దాచేస్తావు. ఫోన్ చేద్దామంటే మా అన్నయ్య నా మాటల్లో సగం తనే తినేసి, మిగతా సగం నీ ముందు చేతులు తిప్పుతూ ఆడి చూపిస్తాడు. నీ చెవులు పూర్తిగా మూసుకుపోయాక మన కబుర్లన్నీ ఇలా అతుకులబొంత అయిపోయాయి. అందుకే కాగితం పట్టాను.

ఈసారి నాకు కావలసింది వదిన కాదు, తివాచీలు బాగుచేసే మనిషి.

మా హాల్లో తివాచీ నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు మనుషుల్ని పలకరించకుండా దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నావు. మూల తిప్పి చూడబోతే మా అత్తగారు, "కదపకమ్మా, అలా ఉండనీ" అన్నారు. దాదాపు గోడనుంచి గోడదాకా ఉంటుంది. ఎరుపు అంటారు కానీ ఇప్పుడది ఇటుకపొడి రంగు. ఆవిడ ఈ ఇంటికొచ్చిన కొత్తలో పరిచారట. అప్పటినుంచి అది లేచింది లేదు.

మొన్న చెవిపోగు పడిపోతే వెతకడానికి సోఫా జరిపాను. తివాచీకి బట్టతల వచ్చింది వదినా! కంచమంత మేర ఉన్ని లేదు, అడుగు దారాలు తెల్లగా బయటపడ్డాయి. చుట్టూ ఇసుకలాంటి పొట్టు, బియ్యపుగింజల్లాంటి గూళ్ళు. తడిమితే అందులో ఒకటి కదిలింది. నేను కేకపెట్టి సోఫా ఎక్కాను.

మావారు చూసి, "పారేద్దాం. కింద పలకలు అద్దంలా ఉన్నాయి, హాయిగా తుడుచుకోవచ్చు" అన్నారు. లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది, "నేను పోయాక పారేసుకోండి" అని.

ఆవిడ సంగతీ రాయనీ, నీ దగ్గర కాక ఎక్కడ వెళ్ళబోసుకోను. ఈమధ్య చాదస్తం మరీ ఎక్కువైంది. కుర్చీ జానెడు జరిపితే ఇల్లు పీకి పందిరేస్తారు. హాలు మధ్యలోంచి నడవరు. తివాచీ అంచు పట్టుకుని గీత గీసినట్టు నడుస్తారు. నేను టీ ఇస్తే అందులో వేలు పెట్టి చూస్తారు. "నామీద నమ్మకం లేదా అత్తయ్యా?" అంటే, "వేడి చూశానులే" అంటారు. ఎదురుగా నిలబడినా "ఎవరూ?" అని అడుగుతారు. ఇన్నేళ్ళు కాపురం చేశాక కూడా నేనెవరో తెలీదా! నన్నింకా ఇంటి మనిషిగా చూడటం లేదని దాని అర్థం. చిన్నదానిలా ఫిర్యాదు చేస్తున్నానని నవ్వకు.

తివాచీ బతుకుతుందా? మందు కొట్టనా, సబ్బునీళ్ళతో ఉతకనా? వెంటనే రాయి.

నీ పిచ్చుక


తివాచీల షెడ్డు నుంచి,
టీ విరామంలో

పిచ్చుకా,

ముందు సోఫా దిగు. ఆ పురుగు నిన్ను తినదు. దానికి ఉన్ని తప్ప ఇంకేదీ రుచించదు.

మందు కొట్టొద్దు. తడపొద్దు, ఇంట్లో తడిపిన తివాచీ లోపల ఆరక కుళ్ళిపోతుంది. కలరా ఉండలు చల్లి ఊరుకోవద్దు, పురుగు పక్కగదికి పోతుంది, తలనొప్పి మీకు మిగుల్తుంది. దానికి కావలసింది చీకటి, కాస్త మురికి, ఎవరూ కదపని చోటు. సోఫా కింద, బీరువా కింద ఇవన్నీ దొరుకుతాయి. మనుషులు తిరిగేచోటికి అది రాదు.

ఎండ బాగా కాసే రోజు చూసి మేడమీదికి ఎక్కించండి. మడతపెడితే అడుగు దారం విరుగుతుంది. ఉన్ని వాలినవైపుగా చాపలా చుట్టండి. ముఖం కిందికి, వీపు ఎండకి. వీపుమీద కర్రతో కొట్టండి, దులుపుతున్నట్టు కొట్టాలి, కక్ష తీర్చుకున్నట్టు కాదు. తర్వాత వాక్యూమ్ క్లీనర్ వీపుమీద, ఆ తర్వాతే ముఖంమీద. కుచ్చుల మీదికి పోనివ్వకు, మింగేస్తుంది. ఈలోపు నేల తుడిచి, గోడవార సందుల్లో ధూళి తీసెయ్యి. గుడ్లుండేది అక్కడే.

మా షెడ్డుకు వచ్చేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట, తివాచీని అప్పుడప్పుడు అటుదిటు తిప్పి పరవమని. అప్పుడు అరుగుదల ఒకేచోట పడదు. మీ ఇంట్లో అది జరగనే లేదన్నమాట. ఏ మూల ఎంత పోయిందో బొమ్మ గీసి పంపు. పురుగు తిన్నదీ, నడకకు అరిగిందీ వేరువేరుగా చూపించు. పురుగు తిన్నచోట ఉన్ని మొదలంటా పోయి చిందరవందరగా ఉంటుంది. కాలికి అరిగినచోటు నీళ్ళు పారిన రాయిలా నున్నగా, వాలుగా ఉంటుంది. వేలితో రాస్తే నీకే తెలుస్తుంది.

పిన్నిగారిని, అదే మీ అత్తగారిని, అడిగి మరీ తీయండి. ఒప్పుకోకపోతే బతిమాలుకో. నీకు బతిమాలడం బాగా వచ్చు, మీ అన్నయ్యని నా మీదికి ఎన్నిసార్లు ఉసిగొల్పలేదు!

ఒక్క మాట. ఆవిడ టీలో వేలు పెట్టడం ఎప్పటినుంచి?

వదిన


మూడో అంతస్తు ఇంటినుంచి,
గురువారం

వదినకు,

అక్షరాలు వంకరపోతే సర్దుకో. 

అడగమన్నావు, అడగలేదు. అడిగితే వద్దంటారని, అత్తగారు భోజనం చేసి పడుకున్నాక తీశాం. మావారు, పై అంతస్తు ఎలక్ట్రీషియన్, నేను. చుట్టి భుజాల మీద మెట్లెక్కిస్తుంటే ఏనుగుని మింగిన పాములా ఉంది. వీపు పైకి పరిచి కర్రతో తట్టాం. వదినా, అందులోంచి రాలింది దుమ్మా! సన్నటి ఇసుక, ధారగా, ఎంత తట్టినా ఆగదు. ఎలక్ట్రీషియన్ ఆగి, "అక్కా, మీ ఇంటికొచ్చిన చుట్టాల చెప్పులన్నీ ఇందులోనే ఉన్నట్టున్నాయి" అన్నాడు.

దుమ్ము పోయాక వీపు కనపడింది. మేం ముగ్గురం కర్రలు పట్టుకుని అలాగే నిలబడిపోయాం. నీకు రోజూ చూసేదే కాబట్టి నవ్వొస్తుందేమో. ముఖం మీద ఇటుకపొడి రంగు ఉన్నచోట వెనక దానిమ్మగింజ ఎరుపు! మేం బూడిదరంగు అనుకున్నది నీలం, అప్పుడే చీకటి విడిచిన ఆకాశం లాంటి నీలం. ఎండ చూడని రంగులు ఇన్నేళ్ళూ మా కాళ్ళకింద బోర్లా పడుకుని ఉన్నాయి. మావారు వంగి ఒక పువ్వు మీద అరచెయ్యి పెట్టారు. ఆయన ఏ వస్తువునీ అలా ముట్టుకోవడం నేను చూడలేదు. పారేయడం మాట ఇక ఎత్తలేదు.

ఆ సంబరంలో ఉండగానే కిందినుంచి చప్పుడు.

పరిగెత్తుకెళ్ళేసరికి అత్తగారు హాల్లో నేలమీద కూర్చుని ఉన్నారు. బల్ల అంచు తగిలి నుదురు బొప్పి కట్టింది. మణికట్టు వాచింది. లేవదీయబోతే నా చేతిని తోసేసి, "కార్పెట్ ఏది? ఎవర్నడిగి తీశారు?" అన్నారు. ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువ వినిపించింది. 

ఎముక విరగలేదని ఆసుపత్రిలో చెప్పారు. సాయంత్రం ఇంటికొచ్చాక చూశాను, ఆవిడ గది గుమ్మంలో నిలబడి, లోతు తెలియని నీళ్ళలో దిగేవాళ్ళలా ఒక పాదం ముందుకు చాపి నేలని తడుముతున్నారు. తివాచీ ఇంకా మేడమీదే ఉంది. తనింట్లో తనే పరాయి మనిషిలా నిలబడ్డారు. మావారు నీరసం అంటున్నారు. నాకు మాత్రం ఏదో తేడాగా ఉంది.

నువ్వడిగిన బొమ్మ ఇందులో పెట్టాను. గళ్ళు గీసినవన్నీ పురుగు తిన్నచోట్లు. చుక్కలు పెట్టింది నడకకు అరిగిన దారి. అది విచిత్రంగా ఉంది చూడు. అత్తగారి గది గుమ్మం దగ్గర మొదలై, అంచు వెంబడే పోయి, వంటగది దగ్గర మలుపు తిరిగి, మళ్ళీ అంచు వెంబడే కిటికీ మీదుగా తిరిగి గది దాకా. ఎవరైనా అడ్డంగా పోతారు కానీ ఇలా చుట్టూ తిరిగి పోతారా?

టీలో వేలు పెట్టడం ఎప్పటినుంచో సరిగ్గా తెలీదు. ఏడాది పైనే అయింది.

పిచ్చుక


తివాచీల షెడ్డు నుంచి,
ఉత్తరం అందిన వెంటనే

పిచ్చుకా,

తివాచీ ఇంకా మేడమీదుంటే ఈ ఉత్తరం పక్కనపెట్టి దాన్ని కిందికి దించండి. పురుగు పూర్తిగా పోకపోయినా సరే. నేలమీద రంగు తేడా ఉంటుంది, తివాచీ కప్పిన పలకలు వేరుగా కనపడతాయి. ఆ గుర్తు పట్టుకుని, అంగుళం అటూఇటూ కాకుండా, ఏ కొస ఎటుండేదో అటే పరవండి. అటుదిటు తిప్పమని నేను రాసింది మర్చిపో.

మీ అత్తగారికి కళ్ళు కనపడటం లేదు.

నేను డాక్టర్ని కాదు. కానీ దాచుకోవడం ఎలాగో నాకు తెలుసు. చెవులు పోతున్న రోజుల్లో నేనేం చేశానో నీకు ఎప్పుడూ చెప్పలేదు. షెడ్డులో ఎప్పుడూ గోడకి వీపు పెట్టుకునే కూర్చునేదాన్ని, వెనకనుంచి ఎవరూ పిలిచే వీలు లేకుండా. ఎవరైనా నవ్వితే నేనూ నవ్వేదాన్ని. మీ అన్నయ్య మాట్లాడుతుంటే ఆయన గడ్డం గీసుకోలేదని విసుక్కునేదాన్ని. అసలు బాధ, గడ్డం పెరిగితే పెదవులు సరిగ్గా కనపడవని. అందరూ నాకు పొగరనుకున్నారు. నువ్వూ అనుకున్నావు, నాకు తెలుసు.

ఆవిడ అంచు వెంబడి నడిచేది పాదంతో చదువుకోవడానికి. వేలు పెట్టేది కప్పులో టీ ఎంతవరకు ఉందో తెలుసుకోవడానికి. "ఎవరూ" అని అడిగేది నువ్వెవరో నిజంగా తెలియక. నువ్వు పరాయిదానివని కాదు.

పరీక్షలు పెట్టొద్దు. వేళ్ళు చూపించి ఎన్ని అని అడగొద్దు. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఉన్నమాట అడుగు. ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు అడుగు.

వదిన


మూడో అంతస్తు ఇంటినుంచి,
తర్వాతి వారం, శనివారం

వదినకు,

నువ్వు రాసింది నిజం. అక్షరం పొల్లుపోకుండా నిజం.

నీ ఉత్తరం చదివి, తివాచీ దించి పరిచి, మావారు పనికి వెళ్ళాక అత్తగారి మంచం మీద కూర్చున్నాను. చెయ్యి పట్టుకుని, "అత్తయ్యా, మీకు కనపడటం లేదు కదూ" అన్నాను. 

చెయ్యి లాక్కుంటారనుకున్నాను. లాక్కోలేదు. "మావాడికి చెప్తావా?" అన్నారు.

"చెప్పాలి కదా అత్తయ్యా."

"చెప్తే కుర్చీలో కూర్చోబెడతారు. ఒకసారి కూర్చోబెట్టారంటే ఇక నేను లేవను."

ఎంత కనపడుతుందని అడిగాను. "గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో చుక్కంత. నువ్వు సరిగ్గా ఎదురుగా నిలబడితే నీ ముక్కు కనపడుతుంది. ఉత్త ముక్కుని బట్టి మనిషిని పోల్చుకోవడం కష్టమే" అని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడేమో, "ఏడవకు, రా, చూపిస్తా" అని లేచారు.

నన్ను తివాచీ మీదికి తీసుకెళ్ళారు. వదినా, నేను ఈ హాలు రోజూ ఊడుస్తాను. కానీ ఆవేళ కొత్త ఊరికి వెళ్ళినట్టుంది. గుమ్మం దాటగానే కుచ్చులు. కుచ్చులు దాటితే అంచు, అక్కడ ఉన్ని పొట్టిగా, గట్టిగా ఉంటుంది. అంచుకీ లోపలి పువ్వులకీ మధ్య సన్నటి కాలవలాంటి పల్లం. "దీన్ని కాలి చిటికెనవేలితో పట్టుకోవాలి. ఇది వదలకుండా పోతే వంటగది" అన్నారు. వంటగది మలుపు దగ్గర ఒక పువ్వుంది. ఆవిడ దానిమీద నిలబడి, బొటనవేలితో రేకులు ఒక్కొక్కటే తిప్పి చెప్పారు. వంగి చూస్తే రేకు చుట్టూ ఉన్న నల్లగీత నిజంగానే లోపలికి దిగిపోయి ఉంది, చెక్కినట్టు. 

తర్వాత కుర్చీలో కూర్చుని, "వెళ్ళి ఏ మూలనుంచైనా రా, మాట్లాడకు" అన్నారు. చెప్పులు తీసి మెల్లగా కదిలాను. "కిటికీ దగ్గరున్నావు" అన్నారు. ఇటొచ్చాను. "సోఫా పక్కన." తివాచీ ఆవిడ పాదాలకింద లాగినట్టవుతుందట. నా అడుగు మడమతో పడుతుందట, మావారు కాలీడుస్తారట, హాస్టల్ నుంచి మా అమ్మాయి వస్తే వానచినుకులు పడ్డట్టుంటుందట. కళ్ళున్న నేను ఇన్నేళ్ళూ ఆవిడ పక్కనే ఉండి ఏం చూశానో!

మావారికి ఇద్దరం కలిసి చెప్పాం. మెట్లమీదికి వెళ్ళి కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చారు. కళ్ళ డాక్టర్ నీటికాసులన్నారు, అదే గ్లకోమా. పోయిన చూపు తిరిగిరాదు. మిగిలిందాన్ని కాపాడటానికి చుక్కల మందు ఇచ్చారు.

అసలు గొడవ ఇప్పుడు మొదలైంది. చూపులేని పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే తివాచీలు తీసేయాలని, అంచు తట్టుకుని పడతారని ఆసుపత్రి గోడమీద రాసుందట. మావారు అది చదివొచ్చి, తివాచీ తీసేయాలంటున్నారు. ఈసారి విసుగుతో కాదు, ప్రేమతో అంటున్నారు, అందుకే నేను వాదించలేకపోతున్నాను. "నిన్న నుదుటితో పోయింది. రేపు తుంటి విరిగితే?" అంటున్నారు. అత్తగారు, "తీసేసినరోజే కదరా పడ్డాను!" అని ఒకసారి చెప్పి, ఇక మాట్లాడటం మానేశారు. భోజనం కూడా గదిలోనే. పురుగులు ఇంకా కొన్నున్నాయి. బట్టతలలు అలాగే ఉన్నాయి.

నువ్వు రాగలవా?

పిచ్చుక


తివాచీల షెడ్డు నుంచి,
హడావిడిగా

పిచ్చుకా,

వస్తున్నాను. సెలవు దొరికింది. ఉన్ని కండెలు, సూదులు, నా కత్తెర సర్దుకున్నాను. మీ అన్నయ్యకి అన్నం వండుకోవడం వచ్చు, రాదని నటిస్తాడు.

నేనొచ్చేదాకా మీవారిని, అన్నయ్యగారిని, ఆగమను. గోడమీద రాసింది తప్పు కాదని కూడా చెప్పు. అంచు లేచిన తివాచీ, జారే తివాచీ మనిషిని పడేస్తాయి. లేవకుండా, జారకుండా చేయడం నా పని. కింద పట్టు ఉండే పలచని రబ్బరు గుడ్డ పరుద్దాం, మూలలకి లోపలివైపు గట్టి పట్టీ కుడతాను. 

నల్లగీత పల్లంగా ఉండటం గురించి రాశావే, దానికి కారణం ఉంది. పాతకాలపు నల్లరంగులో ఇనుము కలిపేవారు. ఆ ఇనుమే మెల్లగా ఉన్నిని తినేస్తుంది. మా షెడ్డులో దాన్ని జబ్బు అంటాం, వెతికి వెతికి పూడుస్తాం. ఆ జబ్బుని పట్టుకుని ఒక మనిషి దారి చూసుకుంటుందని నాకు కలలో కూడా తోచలేదు. ఆ వాక్యం చదివి పని ఆపి కూర్చున్నాను.

పిన్నిగారిని అన్నం తినమను. తినకపోతే నేనొచ్చి అరుస్తాను, నా అరుపు నాకెలాగూ వినపడదు.

వదిన


తివాచీల షెడ్డు నుంచి,
తిరిగొచ్చిన వారం

పిచ్చుకా,

క్షేమంగా చేరాను. నువ్వు మందులషాపులో పనికి వెళ్ళినప్పుడల్లా ఇంట్లో మేమిద్దరం ఏం చేశామో నీకు సగమే చెప్పాను. మిగతా సగం ఎదురుగా చెప్పలేకపోయాను. రాస్తాను.

మొదటిరోజు మా అవస్థ చూస్తే నువ్వు పొర్లి పొర్లి నవ్వేదానివి. ఆవిడ మాట్లాడితే నేను పెదవులు చూసి అర్థం చేసుకోవాలి. ఆవిడేమో తల పక్కకి తిప్పి మాట్లాడుతుంది. నేను జవాబుగా తలూపుతాను, అది ఆవిడకి కనపడదు. "ఏంటమ్మా, బదులు చెప్పవు?" అంటుంది, నేను మళ్ళీ తలూపుతాను. చివరికి ఆవిడే దారి కనిపెట్టింది. మాట్లాడేముందు నా మణికట్టు పట్టుకునేది. నేను వెంటనే మొహంలోకి చూసేదాన్ని. అలా పట్టుకునే రోజంతా కబుర్లు చెప్పుకున్నాం. చెవులు పోయాక నేను ఒక మనిషితో అంతసేపు మాట్లాడటం అదే.

తివాచీని ఒళ్ళో వేసుకుని మొదటి బట్టతల పూడ్చడం మొదలుపెట్టాను. నా పద్ధతి నీకు తెలుసు. చుట్టూ ఉన్న ముడి ఎలా ఉందో అలాగే వేసి, అంతే ఎత్తుకి కత్తిరించి, అసలక్కడ చిల్లు ఉండేదంటే యజమాని కూడా నమ్మకుండా చేస్తాను. నాకు పని నేర్పినవాళ్ళు చెప్పిందదే, మరమ్మతు ఎవరికీ తెలియకూడదని. పూర్తయ్యాక పిన్నిగారి చెయ్యి తీసుకెళ్ళి దానిమీద పెట్టాను. తడిమింది. ఇంకోసారి తడిమింది. "చాలా బాగుందమ్మా. కానీ ఇప్పుడిది ఎక్కడుందో నాకు తెలీదు" అంది.

నాకు అర్థం కాలేదు. మణికట్టు పట్టుకుని మళ్ళీ చెప్పింది, "తెలిసేట్టు చెయ్యగలవా?"

పిచ్చుకా, ఇన్నేళ్ళ పనిలో ఆ మాట నన్నెవరూ అడగలేదు.  వేసినవన్నీ విప్పేశాను. ఆవిడ చెప్తుంటే మళ్ళీ మొదలుపెట్టాను. వంటగది దగ్గరి చిల్లులో ఉన్నిని కత్తిరించకుండా ఉంగరాల్లా వదిలాను, కాలికి గరుగ్గా తగిలితే పొయ్యి దగ్గరపడ్డట్టు. సోఫా అంచున ఎత్తుగా, గుబురుగా వేశాను, మోకాలికి సోఫా తగలక ముందే పాదానికి తెలిసేలా. బాల్కనీ వైపు వరసలు వరసలుగా, దువ్వినట్టు. ప్రతిదానిమీదా ఆవిడ నిలబడి, కళ్ళు మూసుకుని, "ఇంకొంచెం పొట్టిగా", "ఇది దానితో కలిసిపోతోంది, మార్చు" అని చెప్పేది. నేను సూదితో పొడుస్తూ, ఆవిడ కాలితో చదువుతూ. పురుగు తిన్న చిల్లులన్నీ వాడేశాం. ఒకచోట చాలక, "ఇక్కడ కూడా కొంచెం తినిపించాల్సింది" అంది! ఇద్దరం ఎంత నవ్వామంటే నీ ఎలక్ట్రీషియన్ పైనుంచి దిగొచ్చి చూశాడు.

నల్లగీత ముట్టుకోలేదు. నడకకు అరిగినచోట్లు కూడా పూడుస్తానంటే వద్దంది. "పురుగు తిన్నవి నీవి, నేను నడిచినవి నావి" అని పంచింది.

నా మరమ్మతు చూసి మా యజమాని ఏమంటాడో నాకు తెలుసు. నాసిరకం పని అంటాడు. అనుకోనీ. నేను చేసినవాటిలో ఇంతకంటే మంచిది లేదు.

ఇక మీరు చేయాల్సింది. పురుగు గుడ్లు ఎక్కడైనా మిగిలే ఉంటాయి. వారం వారం సోఫా జరిపి, కింద వెలుతురు పడనిచ్చి, వాక్యూమ్ పెట్టి, సోఫాని సరిగ్గా దాని గుర్తుల మీదే పెట్టు. ఎండకు వేయాల్సి వస్తే ముందు ఆవిడకి చెప్పి, ఆవిడ పక్కన ఎవరైనా కూర్చున్నాకే తీయండి. 

అన్నయ్యగారు, నేను మూల పట్టీ కుడుతుంటే గంటసేపు పక్కన కూర్చుని చూశారంతే. ఆయన మనసులో ఏముందో నాకు అందలేదు. నువ్వే రాయి.

వదిన


మూడో అంతస్తు ఇంటినుంచి,
వానలు వెలిశాక

వదినకు,

నీ ఉత్తరం అత్తగారికి చదివి వినిపించాను. వంతులు పంచిన మాట దగ్గర, "నేనలా అన్నానా? బాగానే అన్నానే" అని మురిసిపోయారు.

ఇప్పుడు తివాచీ పెత్తనమంతా ఆవిడదే. వారం వారం సోఫా నేను జరుపుతాను, ఆవిడ నేలమీద కూర్చుని వేళ్ళతో మొత్తం తడుముతారు. మొన్న నా కంటికి కనపడని గూడు ఒకటి బీరువా కాలి దగ్గర పట్టుకున్నారు. "ఇదిగో నీ చుట్టం" అని నా చేతిలో పెట్టారు. కేకపెట్టానని వేరే చెప్పాలా!

హాల్లోనే భోజనం చేస్తున్నారు. టీలో వేలు దర్జాగా పెడుతున్నారు. "ఎవరూ" అని అడగకముందే నేనే పేరు చెప్పి, చేతిలో ఏం పట్టుకొచ్చానో కూడా చెప్తున్నాను. మళ్ళీ పడలేదు.

మావారి సంగతి అడిగావు. నువ్వెళ్ళాక తివాచీ తీసేద్దామనడం ఆపారు కానీ భయం పోలేదు. అమ్మ నడుస్తుంటే కళ్ళార్పకుండా చూస్తూ, తూలితే పట్టుకోవడానికి చేతులు సిద్ధంగా పెట్టుకునేవారు. మొన్న ఆదివారం పొద్దున్న అత్తగారికి విసుగొచ్చింది. "అలా కాపలా కాయకురా, నాకు భయమేస్తోంది. నీకు నమ్మకం లేకపోతే నువ్వే నడిచి చూడు. కళ్ళు మూసుకో" అన్నారు.

ఆయన నవ్వారు. ఆవిడ నవ్వలేదు. తన షాలు తీసి ఆయన కళ్ళకి కట్టమని నాకిచ్చారు. కట్టాను.

అంత పొడుగు మనిషి, కళ్ళు కట్టగానే చిన్నపిల్లాడైపోయారు వదినా. చేతులు ముందుకి చాపి, ఒక్కో అడుగూ వేస్తుంటే అత్తగారు పక్కనే నడిచారు, పట్టుకోలేదు. "చేతులు దించు. చేతులకేం తెలుసు? చిటికెనవేలు కాలవలో పెట్టు. ఆ... పో." ఆయన అంచు వెంబడి పోయారు. వంటగది దగ్గర ఆగి, "గరుగ్గా ఉంది" అన్నారు. "వంటిల్లు" అన్నారావిడ. మలుపు తిరిగి, కిటికీ గోడ వెంబడి వచ్చి చివర్లో ఆగిపోయారు.

"ఇక్కడ పల్లంగా ఉందమ్మా. పక్కపక్కనే రెండుచోట్ల. ఇది కూడా చెల్లెమ్మ కుట్టిందేనా?"

"కాదు. ఎంతెంత ఉన్నాయి?"

పాదంతో వెతికారు. "చిన్నవి. మడమంత."

"నీవేరా అవి" అన్నారు అత్తగారు. "బళ్ళో చదివేటప్పుడు గోడకానుకుని అక్కడే కూర్చునేవాడివి. పాఠం అప్పజెప్తూ మడమలు ముందుకీ వెనక్కీ రాసేవాడివి. కార్పెట్ అరిగిపోతోందిరా అని ఎన్ని తిట్లు తిట్టానో! ఇప్పుడు నేను వంటింట్లోంచి వస్తూ అక్కడ కాలు పడగానే ఇటు తిరుగుతాను. నా గది వచ్చేస్తుంది."

నేను ఆ పల్లాలు ఎన్నోసార్లు చూశాను వదినా. బల్లకాళ్ళ గుర్తులనుకున్నాను.

ఆయన కళ్ళకున్న షాలు తీయలేదు. గోడని తడుముకుని, మెల్లగా కిందికి జారి కూర్చున్నారు. కాళ్ళు ఇప్పుడు పొడుగు కదా, మోకాళ్ళు గడ్డం దాకా ముడిస్తే కానీ మడమలు అక్కడికి చేరలేదు. ఎలాగో చేర్చారు. ఒకసారి ముందుకీ వెనక్కీ రాశారు.

నేను కుర్చీ వెనక నిలబడి చూస్తున్నాను. మేడమీద ఆ రంగులు చూసినరోజు కంటే ఎక్కువగా ఒళ్ళు ఝల్లుమంది. 

అత్తగారు అంచు వెంబడి ఆయన దగ్గరకొచ్చారు. దారి మూసుకుపోయి ఉంది. ఆయన తలమీద చెయ్యి ఆనించి, కాళ్ళని దాటుకుని, ఇటు తిరిగి తన గదిలోకి వెళ్ళిపోయారు.

నీ పిచ్చుక